గాలపు రీళ్లు: పాతవి మేలా, క్రొత్తవి మేలా?

"పాతది గట్టిది, క్రొత్తది నాసిది" అను మాట మన యిండ్లలో దినమునకు పదిసారులు వినబడుచుండును. మంచపుకోడు మొదలు గోడగడియారము వరకు ప్రతి వస్తువును గూర్చియు పెద్దలు ఈ తీర్పే చెప్పుచుందురు. నేనును చాలకాలము దీనినే నమ్మి తరగతిలో బాలురకు గూడ చెప్పితిని. అది పూర్తిగా నిజమును కాదు, పూర్తిగా అబద్ధమును కాదు అని నాకు చేపలగాలపు రీలొకటి నేర్పినది. సెలవుదినములలో గాలము వేయుట నాకు వినోదము. కావున ఆ వస్తువునే ఆధారముగా జేసికొని నా అభిప్రాయమును చదువరుల యెదుట నుంచుచున్నాను.

రీలనగా గాలపుకర్రకు పిడివద్ద బిగించు చిన్న యంత్రము. దారమును కండెపై చుట్టి యుంచుట, విసరినపుడు వదలుట, చేప తగిలినపుడు మరల చుట్టుకొనుట దాని పని. చేప బలముగా లాగినపుడు తెగిపోకుండ దారమును కొంచెము కొంచెముగా జారనిచ్చు బ్రేకును దానిలో నుండును.

నాయొద్ద ఇట్టివి రెండు కలవు. మొదటిది మా తండ్రిగారు పాతసామానుల అంగడిలో కొన్న ఇత్తడి రీలు. దానిపైని పేరు అరిగిపోయినది. రెండవది నేను ఎనిమిదేండ్ల క్రిందట కొన్నది. ఇత్తడిది నేటికిని తిరుగుచున్నది. క్రొత్తది నాలుగవయేట బిగిసిపోయినది. బాగుచేయువాని యొద్దకు గొనిపోగా అతడు త్రిప్పి చూచి, "లోపలి ముక్క దొరకదు మాస్టారూ, కొత్తది కొనుక్కోండి" అనెను. ఆనాటినుండి కనబడిన వారికెల్ల ఆ రీలును దూషించుచు వచ్చితిని.

పాత రీళ్లకు గల కీర్తి ఊరక వచ్చినది కాదు. వానిని చేసినవారిలో గడియారపు పని తెలిసినవారు పెక్కురు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున 19వ శతాబ్దపు ఆరంభదశాబ్దములలో జార్జి స్నైడర్ అను గడియారపు పనివాడు, పిడిని ఒకసారి త్రిప్పిన కండె పలుమారులు తిరుగునట్టి రీలును చేసెను. స్వీడను దేశమున 1921లో గడియారముల కొరకు స్థాపింపబడిన కార్ఖానాయే పిమ్మట ఆబూ అను పేర రీళ్లకు ప్రసిద్ధి వహించి, 1952లో అంబాసడర్ అను రీలును వెలువరించెను. ఇంగ్లండులో హార్డీ సోదరులు 1888లో పేటెంటు పొందిన పర్ఫెక్ట్ అను రీలు బేరింగు గుండ్లపై తిరుగునట్టిది. ఆ తరగతి పాత రీళ్లతో నేటికిని నదులలో గాలము వేయువారు కలరు.

అయితే పనితనముకంటె ముఖ్యమైన గుణమొకటి పాతవానికి గలదు. వానిని విప్పవచ్చును. ఫిలడెల్ఫియా నగరమున 1932లో స్థాపింపబడిన పెన్ అను సంస్థవారు, 1936లో సముద్రపు పెద్దచేపలకై సెనేటర్ అను రీలును చేసిరి. వారి రీళ్లతో కూడ ప్రతి భాగమునకు సంఖ్య వేసిన పటమొకటి పెట్టెలోనే వచ్చెడిది. ఏ ముక్క అరిగినదో ఆ ముక్క సంఖ్యను వ్రాసి పంపి తెప్పించుకొనవచ్చును. ఒక పండ్లచక్రము చెడిన మాత్రమున రీలు చావలేదు.

ఇంతవరకు పాతవాని పక్షము. ఇక రెండవ పక్షమును వినవలయును. మనము నేడు చూచుచున్న పాత రీళ్లు బ్రదికి మిగిలినవి మాత్రమే. ఎనుబదేండ్లక్రిందట చౌకగా చేసి అమ్మిన నాసిరకపు రీళ్లు ఎప్పుడో ఇనుపసామానువాని గంపలో పడిపోయినవి. అవి మనకు కనబడవు గనుక ఆకాలమున నాసిరకమే లేదని భ్రమపడుచున్నాము. మంచివానికిని లోపములు లేకపోలేదు. పెక్కు పాత రీళ్లలో చేప పరుగెత్తునపుడు పిడి వెనుకకు గిరగిర తిరిగి వ్రేళ్లకణుపులను చితుకగొట్టెడిది. 1938లో లోకమునకు తెలుపబడిన నైలాను, దారముగా వచ్చిన పిదప మరియొక చిక్కు పుట్టెను. నైలాను సాగి చుట్టుకొని, మరల ముడుచుకొనుచు కండెను పిండును. ఆ యొత్తిడికి బేకలైటు కండెలు పగులుచుండెను.

క్రొత్తవానిలో తుప్పుపట్టని ఉక్కు బేరింగులు, కార్బనుపీచుల బ్రేకుబిళ్లలు, తేలికయైన దేహములు కలవు. పట్టుదారమును, నారదారమును ప్రతిదినము ఆరబెట్టవలసిన శ్రమ పోయినది. పాలిథీనుజాతి పీచులతో అల్లిన సన్నని దారము, అంతే లావుగల నైలానుకంటె ఎంతో బలమైనది. కాని ఆ బలమే రీలునకు పరీక్ష. దారము తెగనపుడు బరువంతయు పండ్లచక్రములపై పడును.

నా రెండు రీళ్లను సరిపోల్చుటలోనే ఒక అన్యాయము కలదని గూడ నాకు తరువాత తోచినది. ఇత్తడి రీలులో కండెయే తిరుగును. క్రొత్తది 1905లో ఇంగ్లండు దేశస్థుడు ఇల్లింగ్‌వర్త్ పేటెంటు పొందిన జాతిది. దానిలో దారము చుట్టునపుడు కండె తిరుగదు, దారమే దానిచుట్టు తిరుగును. తేలిక ఎరను గూడ దూరముగా విసరవచ్చును గాని, పిడి తిరుగుడును లోపల అడ్డముగా మరల్చవలసి యుండును గనుక దాని యంత్రము కొంత క్లిష్టము. ఎద్దుబండిని సైకిలుతో పోల్చి ఇరుసు గట్టిదనుట వంటిదే నా వాదము.

క్రిందటి సంవత్సరము తొమ్మిదవ తరగతి బాలుడొకడు, "మాస్టారూ, అది ఎందుకు బిగిసిందో విప్పి చూద్దామా?" అని యడిగెను. నాలుగేండ్లు తిట్టితినే గాని ఒకసారియైన విప్పి చూచి యుండలేదు. సిగ్గుపడి, ప్రయోగశాలలో బల్లపై గుడ్డ పరచి, తీసిన ముక్కలను వరుసగా పేర్చుచు ఇద్దరమును విప్పితిమి. లోపల అల్యూమినియము తెల్లని పొడియై రాలెను. ఉక్కుమరలు దానిలో అతుకుకొని యుండెను. ఉప్పునీటిలో రెండు లోహములు కలిసి యున్నపుడు విద్యుద్ఘటమువలె పనిచేసి, వానిలో ఒకటి తినివేయబడునని అదే బల్లయొద్ద బాలురకు బోధించినవాడను నేనే! భీమునిపట్టణపు తీరమున రెండు సెలవులు గాలము వేసి, కడుగక సంచిలో నుంచితిని. మా తండ్రిగారు ఇత్తడి రీలును ఇంటికి వచ్చినవెంటనే తుడిచి నూనె వేయుట నేను బాల్యమున చూచినదే.

అయినను తప్పంతయు నాది కాదు. పిడి వెనుకకు తిరుగకుండ ఆపుటకు పాతవానిలో పంటిచక్రమును, దానికి తగులు కొక్కెమును ఉండును. కొక్కెము అరిగిన ఆకురాయితో సరిచేసికొనవచ్చును. క్రొత్తవానిలో సన్నని ఉక్కుకడ్డీలును, వెండ్రుకవంటి స్ప్రింగులును గల ఉంగరమొకటి ఉండును. పిడి అణువంతయు వెనుకకు పోదు. కాని తుప్పు చేరినచో దానిని చేతితో బాగుచేయుట అసాధ్యము, మార్చవలసినదే. నా రీలునకు ఆ యుంగరము ఎచ్చటను దొరకలేదు. అరచేతిలో ఇముడు ముక్క లేక రీలంతయు వ్యర్థమైనది.

కావున నా అభిప్రాయమిది. పనిచేయునంతకాలము మంచి క్రొత్త రీలు పాతదానికంటె మేలైనది. చెడిన పిదప పాతదే మేలైనది. మన్నిక లోహములో మాత్రమే లేదు. విప్పుటకు వీలుండుటలోను, ముక్కలు దొరకుటలోను, వాడువాని శ్రద్ధలోను కూడ ఉన్నది. చేయువారు ముక్కలను చిరకాలము అమ్మవలయును. ఈ కోరిక అన్యాయమైనది కాదు, పూర్వము కొందరు నెరవేర్చినదే. కొనువారు వెల యడుగుటతో ఆపక, "ముక్కలు దొరకునా?" అని గూడ అడుగవలయును. తలిదండ్రులు బాలుర చేతికి యంత్రమిచ్చునపుడు దానిని విప్పు సాధనమును గూడ ఇయ్యవలయును.

విద్యార్థులారా! సముద్రమునుండి వచ్చినవెంటనే బ్రేకు బిగించి, రీలుపై మంచినీరు మెల్లగా చిలుకరింపుడు. నీటిలో ముంచకుడు, ముంచిన ఉప్పు లోపలికి పోవును. తుడిచి ఆరబెట్టి, బ్రేకును వదులుచేసి, తిరుగుచోట్ల చుక్క నూనె వేయుడు. ఏడాదికొకసారి విప్పి చూడుడు. నా రీలు నేడు ప్రయోగశాల బీరువాలో ముక్కలుముక్కలుగా నున్నది. చూడగోరువారు మధ్యాహ్నపు విరామమున రావచ్చును. దానిని మొదట విప్పుదమన్న బాలుడే మీకు విప్పి చూపగలడు.