వడ్డించనివారి వడ్డన

అరవై రెండు రూపాయల కోసం ఈ పంతులు ఇంత పెద్ద టపా రాయాలా అని మిత్రులు కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. చివరిదాకా చదివాక కూడా నవ్వే వస్తే ఆ మాటే వ్యాఖ్యగా రాయండి, ప్రచురిస్తాను.

సెలవులకు మనుమలు వచ్చారు. ప్రొద్దుటూరు నుండి బయలుదేరి గండికోటకు పోయి, పెన్నా లోయ, మాధవరాయ ఆలయం, ధాన్యాగారం చూపించి, తిరుగుదారిలో జమ్మలమడుగులో ఒక ఏసీ భోజనశాలలో దిగాము. దాని పేరు రాయను. ఐదుగురము తిన్నదానికి వెల 1,240 రూపాయలు. దాని కింద ‘సర్వీసు 5 శాతం’ అని 62. ఆ రెండూ కలిపిన 1,302 మీద జీఎస్టీ 65 రూపాయల పది పైసలు. మొత్తం 1,367 చిల్లర. అది చాలదన్నట్లు ‘రౌండాఫ్’ అని 1,370 చేశారు. పై అంకెకు ఎక్కించడమే తప్ప కింది అంకెకు దిగడం ఆ యంత్రానికి నేర్పినట్లు లేదు.

గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయనను అడిగాను, ఈ సర్వీసు ఏమిటని.

“గవర్మెంటోళ్ళది సార్, మాదేం లేదు.”

జీఎస్టీ ఒక్కటే ప్రభుత్వానిది, ఇది కాదు అన్నాను.

“అందరూ ఇచ్చి పోతాండారు సార్. మీరొక్కరే అడుగుతాండేది.”

వెనుక నిలబడినవారు దగ్గడం మొదలుపెట్టారు. మా ఇంటావిడ మోచేతితో పొడిచింది. ఇచ్చేశాను. మూడు దశాబ్దాలు పిల్లలకు వేమన పద్యాలు చెప్పినవాడు నలుగురి దగ్గుకు జంకి, అబద్ధమని తెలిసినదానికి రొక్కం చెల్లించి వచ్చాడు. నా కోపంలో సగం నామీదనే.

మెట్లు దిగుతుంటే మాకు వడ్డించిన కుర్రవాడు వెంట వచ్చాడు. “అయ్యవారూ, నన్ను గుర్తుపట్టలేదా?” అన్నాడు. నా దగ్గర తొమ్మిది, పది చదివినవాడే. సంధులు రావు గాని దస్తూరి ముత్యాల వరుస. ఆ సర్వీసు డబ్బు మీకేనా నాయనా అని అడిగితే, వెనక్కి ఒకసారి చూసి, “మాకు రూపాయి గూడా రాదు సార్. పైగా అది కట్టినోళ్ళు మళ్ళా మా చేతిలో ఏం పెడతారు?” అన్నాడు.

నన్ను ఇంతదూరం తెచ్చింది ఆ మాట. సేవ చేసినవాడి పేరు చెప్పి వసూలు చేసిన సొమ్ము వాడికి దక్కకపోగా, అంతకుముందు దక్కే పదో ఇరవయ్యో కూడా పోయింది.

వ్యాకరణం చదువుకున్నవారికి ఒక సంగతి గుర్తుచేస్తాను. ఆగమం మిత్రుని వంటిది, ఆదేశం శత్రువు వంటిది అని మాకు గురువులు చెప్పేవారు. ‘మా అమ్మ’ అన్నప్పుడు యకారం వచ్చి ‘మాయమ్మ’ అవుతుంది. ఎవరినీ కదపదు, నడుమ ఒదిగి కూర్చుంటుంది. అది ఆగమం. ‘వాడు కొట్టె’ అన్నచోట గకారం వచ్చి కకారాన్ని వెళ్ళగొట్టి ‘వాడు గొట్టె’ అవుతుంది. అది ఆదేశం. ఈనాము అనేది భోజనశాలలోకి ఆగమంగా వచ్చింది. తృప్తి కలిగినవాడు తనంతట తాను ఇచ్చేది, ధరను కదపదు, వడ్డించినవాడి పక్కన ఒదుగుతుంది. సర్వీసు ఛార్జి దాన్ని వెళ్ళగొట్టి ఆ చోట కూర్చున్న ఆదేశం. ఇక తెలుగులో ‘పన్ను వడ్డించారు’ అన్న పలుకుబడి పుట్టించిన పుణ్యాత్ముడెవరో గాని, భోజనశాలల సంగతి ముందే కనిపెట్టినట్లున్నాడు.

ఈ పేరు కూడా ఊరకే పెట్టింది కాదు. 2011లో ఏసీ భోజనశాలల మీద కేంద్రం సర్వీసు టాక్సు వేసింది. సర్వీసు టాక్సు, సర్వీసు ఛార్జి పక్కపక్కనే అచ్చుపడితే తినేవాడికి రెండూ ఒకటే అనిపించేవి. 2017 జూలై 1న జీఎస్టీ రాగానే ఆ టాక్సు పోయింది. భ్రమ మాత్రం మిగిలింది. “గవర్మెంటోళ్ళది” అన్న మాట బతికేది ఆ భ్రమ మీదనే.

చట్టం చూద్దాము. సర్వీసు ఛార్జి ఐచ్ఛికమేనని కేంద్ర వినియోగదారుల శాఖ 2017 ఏప్రిల్‌లోనే చెప్పింది. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇంకా గట్టిగా చెప్పింది: దానంతట అది బిల్లులో చేరరాదు, వేరే పేరుతోనూ రారాదు, దాన్ని కలిపి పైన జీఎస్టీ వేయరాదు. హోటళ్ళ సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు పోయి అదే నెలలో స్టే తెచ్చుకున్నాయి. 2025 మార్చి 28న ఆ కోర్టు వారి పిటిషన్లు కొట్టివేసి, రెండు సంఘాలకూ చెరి లక్ష రూపాయల ఖర్చులు విధించింది. సంఘాలు అప్పీలుకు పోయాయి, పోనివ్వండి. నీళ్ళ సీసా మీద ఇరవై అని ఉంటే ముప్పై తీసుకున్నారు గదా, అదీ అడగలేదేమని మీరంటారు. అక్కడ వారిదే పైచేయి. భోజనశాలలో అచ్చు ధరకు మించి అమ్మవచ్చునని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. నాకు రుచించకపోయినా, ఉన్నది ఉన్నట్లు చెప్పాలి.

ప్రొద్దుటూరులో మరో విద్య చూశాను. ఒక టిఫిను హోటలు చీటీ మీద జీఎస్టీ అని ఉంది, జీఎస్టీ సంఖ్య మాత్రం లేదు. సంఖ్య లేనివాడికి ఆ పన్ను వసూలు చేసే అధికారమే లేదు. ఏటా కోటిన్నర లోపు వ్యాపారం ఉండి కాంపొజిషన్ పద్ధతి ఎంచుకున్నవారు కూడా ఐదు శాతం తమ జేబునుండే కట్టాలి, మనదగ్గర విడిగా తీసుకోరాదు. ఆ సంగతి బిల్లు పైననే రాయాలి. ఎంతమంది బిల్లు పైభాగం చదువుతాము?

గ్యాసు ధర, నూనె ధర, కూలి పెరిగాయి గదా, వ్యాపారి ఎట్లా బతుకుతాడని ఒక పాతమిత్రుడు ఉత్తరంలో అడిగాడు. న్యాయమైన ప్రశ్న. దోసె అరవై నుండి డెబ్బై చేయమనండి, గోడమీద పలకపై రాయమనండి. ఇష్టమైతే తింటాను, లేకుంటే లేచిపోతాను. తిని చేయి కడుక్కున్నాక ధర చెప్పడమే నాకు అభ్యంతరం. పులివెందులలో నేను ఆగే చిన్న మెస్సు ఒకటుంది. ఆ ఇల్లాలు ఈమధ్య భోజనం పది రూపాయలు పెంచింది. పలకమీద పాత అంకె తుడిచి కొత్తది రాసి, కూర్చోకముందే “అన్నా, పది పెంచినాము, చూసుకోండి” అంది. ఆపైన సంగటి ముద్ద రెండోసారి అడగకుండానే వేసింది. ఆ పదీ ఇవ్వడానికి నాకు క్షణం పట్టలేదు.

రెండు వారాల తర్వాత పనిమీద జమ్మలమడుగు పోయి, కావాలనే అదే భోజనశాలకు ఒంటరిగా వెళ్ళాను. మళ్ళీ ఐదు శాతం. ఈసారి ఎవరు దగ్గినా కదలలేదు. ఇది తీసివేయండి, లేదంటే ఇక్కడి నుండే 1915కు ఫోను చేస్తాను అన్నాను. ఆయన నన్నొకసారి, ఫోనునొకసారి చూసి, మారుమాట లేకుండా వేరే బిల్లు తీశాడు. “పెద్దాయన గదా, మీకొక్కరికి తీసేసినా సార్” అన్నాడు. నాకు కన్సెషన్ ఇస్తున్నట్లు!

మా కుర్రవాడి చేతిలో ఇరవై పెట్టి బయటికి వస్తుంటే, నా వెనుకనున్న కుటుంబం తమ బిల్లు చూసుకోకుండానే డబ్బు లెక్కపెడుతూ ఉంది. వెనక్కి పోయి ఆ గృహస్థుకు కింది నుండి మూడో పంక్తి చూపించాను. ఆయన చదివి, తలెత్తి, “ఎందుకులే సార్, పోనీండి” అన్నాడు.