వేటలో పాలు: కోయల విజ్జ పండుంను గూర్చి

సంస్కృతమున మృగధాతువునకు అన్వేషణము అర్థము. మృగయ అను మాట దానినుండి పుట్టినదే. మార్గము, మార్గణము అను శబ్దములును దానికి సగోత్రములే. బాణమునకు మార్గణమని పేరు వచ్చుట అది లక్ష్యమును వెదకికొని పోవుటచేతనే. కావున శబ్దమును బట్టి మృగయ యనగా వెదకుట; చంపుట ఆ శబ్దములో లేదు. మృగశబ్దము గూడ తొలుత అడవిలో తిరుగు జంతువుల కన్నింటికిని చెల్లి, పిదప హరిణమునందు రూఢమైనది. ఈ సంగతులను విద్యార్థులకు చెప్పుట మన కలవాటే. అయితే ఆ వేట యెవరిది, దానికి ఎవరెవరు కలిసి పోయిరి, దొరకినదానిని ఎట్లు పంచుకొనిరి అను ప్రశ్నలు మన పాఠములలో వినబడవు. ఈ వ్యాసము ఆ మూడవ ప్రశ్నను గూర్చినది.

శాస్త్రములలో మృగయ రాజునకు సంబంధించిన విషయము. మనువు ఏడవ అధ్యాయమున కామజములైన పది వ్యసనములను లెక్కించుచు మృగయతోనే ఆరంభించెను. కౌటిల్యుడు వ్యసనాధికారికమున పిశునుని మతమును చెప్పి, దానిని త్రోసిపుచ్చి, జూదముకంటె వేట మేలనెను. వ్యాయామము కలుగుట, కఫపిత్తమేదస్సులు తగ్గుట, కదలు గురిని కదలని గురిని కొట్టు నేర్పు అలవడుట, కోపభయములందు మృగముల చిత్తమెట్లుండునో తెలియుట, ఇవి ఆయన చూపిన గుణములు. శాకుంతల ద్వితీయాంకమున దుష్యంతుని సేనాపతి చెప్పునవియు ఇంచుమించు ఇవే. ఖండనమైనను మండనమైనను ఇదంతయు రాజు శరీరమును, రాజు శీలమును గూర్చినది. అడవిలో పుట్టి అడవిలో బ్రదుకువానికి వేట వ్యసనమా, వృత్తియా, వ్రతమా అని ఆ శాస్త్రకారులు అడుగలేదు. అడుగవలసిన అవసరము వారికి లేదు. వారి గ్రంథములను చేతబట్టుకొని గిరిజనుల వేటను వ్యసనమని వ్రాయు నేటి మనవారి తొందర మాత్రము మెచ్చదగినది కాదు.

కవుల సంగతి కొంత వేరు. దండి మహాకావ్యమున ఉండవలెనని చెప్పిన వర్ణనలలో మృగయ లేదు. 14వ శతాబ్దివాడైన విశ్వనాథుడు సాహిత్యదర్పణమున దానిని చేర్చెను. అంతకు ఎంతో ముందే కాళిదాసు రఘువంశ నవమసర్గమున దశరథుని వేటను వర్ణించి యుండెను. ప్రియునికి అడ్డముగా నిలిచిన లేడిని చూచి, చెవిదాక లాగిన వింటిని రాజు సడలించుకొనును. ఆ ఘట్టమును పాఠము చెప్పునపుడు ఏ అధ్యాపకుని కంఠమైనను ఒక్క క్షణము ఆగును. అయినను ఆ సర్గలో మనకు మిగులునది రాజొక్కడే. కుక్కలను పట్టినవారు, వలలు మోసినవారు శ్లోకములో ఒక మూల కనబడి మాయమగుదురు. తెల్లవారకముందే అడవిని చుట్టుముట్టువారి కేకలకు నిద్రచెడి, కీళ్ల నొప్పులతో మొరపెట్టుకొను మాఢవ్యుడొక్కడే వేటవిడిదిలోని తోటివాని గోడును మనకు వినిపించినవాడు. అతడు విదూషకుడు గనుక మనము నవ్వి ఊరకుందుము.

బాణభట్టు కాదంబరిలో శబరుల వేట మిక్కిలి దీర్ఘముగా నున్నది. చిలుక నోట వినిపించు ఆ కథలో వింధ్యాటవి దద్దరిల్లును, మాతంగుడను నాయకునితో శబరసేన కనబడును, చిలుక వారి బ్రదుకును తలచుకొని నిందించును. సేన సాగిపోయిన పిదప ఒక ముసలి శబరుడు వెనుక నిలిచిపోవును. వానికి జింకమాంసము దొరకలేదు. వాడు బూరుగుచెట్టెక్కి చిలుకలను ఒక్కొక్కదానినే పట్టి చంపును. శుకశాబకము తండ్రిని కోల్పోవుట అక్కడనే గనుక కథకు అది అవసరము. కాని ఎన్నిమారులు చదివినను నా చూపు ఆ ముసలివాని మీదనే నిలుచును. అంత పెద్దవేటలో ఒక వృద్ధునికి పాలు దక్కకపోవుట యెట్లు? బాణుడు లోకమును నిశితముగా చూచినవాడే. అయినను ఇచ్చట ఆయన చూచినది శబరుల ఊరు కాదనియు, రాజాస్థానమునుండి కనబడిన శబరుల సేన యనియు నా యభిప్రాయము. సేనలో వెనుకబడినవానికి ఏమియు మిగలదు. ఊరివేటలో అట్లు జరుగదు.

ఈ మాటకు ఆధారము వెదకుటకు మనము దూరము పోనక్కరలేదు. ఐతరేయబ్రాహ్మణమున శునఃశేపోపాఖ్యానము ఆంధ్రులను శబరులను ఒక్క వరుసలోనే పేర్కొన్నది. ఆ శబరుల పేరును తలపించు శబరీనది నేటికిని చింతూరు ప్రక్కగా పారుచు, ఆ చేరువనే సీలేరును కలుపుకొని, కూనవరమువద్ద గోదావరిలో కలియుచున్నది. చింతూరు సీమ 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలోనిది. తరువాత ఖమ్మము జిల్లాలో చేరినది. 2014లో పోలవరము ముంపు మండలములతోపాటు మరల ఆంధ్రప్రదేశమునకు వచ్చినది. జిల్లాలు మారినను అచ్చటి కోయలకు సంవత్సరము మారునది విజ్జ పండుంతోనే. పండుం అనగా పండుగ, విజ్జ యనగా విత్తు. భూమిపండుగ యనియు దానిని పిలుతురు. ఎండలు ముదిరి తొలకరి రాకముందు, విత్తులు చల్లుటకు మునుపు, ఈ పండుగ వచ్చును. విత్తులను పూజించి ఇంటింటికిని తీసికొనిపోవుదురు. ఆ దినములలోనే పురుషులందరును కలిసి విల్లమ్ములతో వేటకు పోవుదురు.

అది వినోదమునకు పోవు వేట కాదని ఇంతలోనే స్పష్టము. మనసునకు తోచినపుడు పోవునది కాదు, కాలనియమమున్నది. ఒక్కడు పోవునది కాదు, ఊరంతటికిని సంబంధించినది. విత్తుటతో ముడిపడినది. మీమాంసకుల భాషలో చెప్పవలెనన్నచో ఇది రాగప్రాప్తము కాదు, విధిప్రాప్తము. అడవిలో నాలుగు దినములు కలిసియున్నవారి నడుమ ఏర్పడు చెలిమిని గూర్చి వేరుగా చెప్పవలసిన పని లేదు. నెగడు చుట్టును కూర్చున్నపుడు అంబలి ఒక్కటే, జీలుగుకల్లు ఒక్కటే, పరిహాసము ఒక్కటే. కుఱ్ఱవాడు అడుగుజాడను చదువ నేర్చుకొనునది అచ్చటనే. ఏ జాడ దుప్పిది, ఏది కణుజుది, ఏది నేటిది, ఏది నిన్నటిది అని పెద్దవాడు వ్రేలితో చూపును. దీనికి గ్రంథము లేదు, పరీక్ష లేదు. గురుముఖతః నేర్చుకొను విద్య యని మనము మన పాఠశాలలను గూర్చి గర్వముతో చెప్పుకొందుము. నేను పదునాలుగేండ్లు అట్టి పాఠశాలలో చదివినవాడను. చదువు చెప్పించుకొను తీరునుబట్టి ఆ కుఱ్ఱవాడును నేనును సహాధ్యాయులమే యని నాకు తోచుచుండును.

ఇక పంపకము. దొరకినదానిని ఊరికి తెచ్చి అన్ని కుటుంబములకును పాళ్లు వేయుదురు. మన పల్లెలలో మాంసమును పోగులు వేయుట యందుమే, అట్టిదే. కొన్ని యేండ్ల క్రిందట చింతూరు సంతనాడు ఒక కోయవృద్ధునితో మాటలాడు అవకాశము కలిగినది. నేను దశరథుని వేటను, అర్జునుని వేటను తెలుగుమాటలలో చెప్పగా ఆయన శ్రద్ధతో విని, తుదకు ఒక్క ప్రశ్న వేసెను: ఆ మాంసమును ఎవరెవరికి పంచిరి? కిరాతార్జునీయమున పందిని కొట్టిన బాణము నాది నాదియని వాదము సర్గలకొలది సాగును. శివుడును అర్జునుడును ద్వంద్వయుద్ధము చేయుదురు. పాశుపతము లభించును. పడిన పంది యేమైనదో భారవి చెప్పలేదు. వృద్ధుడు ఆశ్చర్యపడుట చూచి నాకును ఆశ్చర్యము కలిగినది. ఇన్ని వ్యాఖ్యానములు చదివిన మనలో ఒక్కరికైనను ఆ ప్రశ్న తోచలేదు గదా.

వేటాడువారు ఉత్తచేతులతో వచ్చినచో ఆడువారు ఊరకుండరు. పేడనీళ్లు చల్లుదురు, ఎగతాళి పాటలు పాడుదురు. పండుగ దినములలో వారే త్రోవలకు కఱ్ఱలు అడ్డము పెట్టి, వచ్చిపోవువారివద్ద పైకము పుచ్చుకొందురు. ఇదియే తీరు అరకు, పాడేరు కొండలలో చైత్రమున జరుగు ఇటుకల పండుగయందును కలదు. అచ్చటను మగవారు వేటకు, ఆడువారు త్రోవకు. కారులలో పోవు పట్టణవాసులు దీనిని గూర్చి విసుగుకొనుట నేను విన్నాను. తమ ఊరిలో చవితి పందిళ్లకు చందాలు ఇచ్చునపుడు ఆ విసుగు ఎక్కడికి పోవునో తెలియదు. ఊరి త్రోవను దాటువాడు ఆ నాలుగు దినములు ఊరి పండుగలో భాగస్థుడే యను భావము ఈ ఆచారమున నాకు కనబడుచున్నది. వేటకు పోయినవాడు మాంసమును తెచ్చి పంచవలెను, త్రోవను పోవువాడు రూపాయిని ఇచ్చి పోవలెను.

ఇంత చెప్పిన పిదప ఒక మాటను దాచరాదు. నేడు ఈ వేట చట్టవిరుద్ధము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దానికి 1991లో వచ్చిన సవరణ, వేటకు దాదాపు అన్ని తలుపులను మూసినవి. 2006 నాటి అటవీహక్కుల చట్టము గిరిజనుల సంప్రదాయహక్కులను ఎన్నింటినో అంగీకరించుచునే వేటను మాత్రము స్పష్టముగా మినహాయించినది. గోదావరికి ఇరుప్రక్కలనున్న పాపికొండల అడవి 1978లో అభయారణ్యము, 2008లో జాతీయోద్యానము అయినది. వేటకు అనుమతి ఇమ్మని నేను కోరుట లేదు. దుప్పులు తగ్గినమాట నిజము. అవి విల్లమ్ముల వలన తగ్గినవా, తుపాకులతో వచ్చిన దొరల, జమీందారుల షికారుల వలనను, అడవి నరకుట వలనను తగ్గినవా యను విచారణ వేరు. తగ్గినవి గనుక కాపాడవలసినదే.

ఈ విషయమున మహాభారతముకంటె చక్కగా చెప్పిన గ్రంథమును నేనెరుగను. వనపర్వమున మృగస్వప్నోద్భవమను చిన్న ఉపపర్వము కలదు. ద్వైతవనమున పాండవులు వేటాడి బ్రదుకుచుండగా, ఒక రాత్రి ధర్మరాజు కలలోనికి లేళ్లు వచ్చి కన్నీళ్లతో నిలుచును. తాము కొలదిగా మిగిలితిమనియు, విత్తనములుగా మిగిలిన తమను వృద్ధిపొందనిమ్మనియు, వేరొక చోటికి పొమ్మనియు వేడుకొనును. ధర్మరాజు తెల్లవారగానే తమ్ములతో చెప్పి కామ్యకవనమునకు తరలిపోవును. లేళ్లు తమకు చెప్పుకొన్న మాట విత్తనమని గమనింపుడు. కోయల పండుగ పేరును విత్తనమే. తినదగిన గింజను గూడ విత్తునకై దాచుకొనువాడే సేద్యగాడు. ఆ నియమమునే లేళ్లు ధర్మరాజునకు గుర్తుచేసినవి. కోయ పెద్దలకు ఈ కథను వినిపించినచో వారు మనకంటె త్వరగా గ్రహింతురని నా నమ్మకము. చట్టపు సెక్షనులను చదివి వినిపించుటకంటె అది మేలైన పద్ధతి.

ప్రాణిని చంపకయే వేటను నిలుపుకొనుట మన దేశమున క్రొత్త కాదు. తిరుమలలో కనుమనాడు మలయప్పస్వామి పారువేట మండపమునకు పోవును. అర్చకులు వేటను అభినయింతురు. అహోబిల నరసింహుడు సంక్రాంతి వేళ బయలుదేరి నలుబది దినములకు పైగా పల్లెపల్లెకును పారువేటగా తిరుగును. ఆ ఉత్సవమున చెంచులకు స్థానము కలదు. ఈ రెండింటను బాణమున్నది, ప్రయాణమున్నది, విడిదులున్నవి, ప్రసాదపు పంపకమున్నది. చచ్చిన మృగము లేదు. మృగయాశబ్దమునకు మొదట చెప్పిన అర్థమే యిచ్చట మిగిలినది. విజ్జ పండుం వేటను దేవాలయోత్సవముగా మార్చవలెనని నా భావము కాదు. అది వారి దేవతలది, వారి పెద్దలది. అడవికి పోవుట, నెగడు వేయుట, జాడలు చదువుట, తిరిగివచ్చి పోగులు వేయుట, ఇవి నిలిచి, పోగులలో నుండునది మాత్రము మారినచో పండుగకు లోపము రాదని పారువేట సాక్ష్యము చెప్పుచున్నది. ఎట్లు మార్చుకొనవలెనో వారే నిర్ణయింపవలెను. అటవీశాఖవారు పండుగనాళ్లలో కేసులతో కాక, ముందుగా ఊరిపెద్దలవద్దకు మాటలతో పోవలెను.

మనము చేయవలసిన పని వేరొకటి కలదు. ఆస్ట్రియా దేశమునుండి వచ్చిన హైమెండార్ఫ్ ఈ కొండలలోని రెడ్ల జీవితమును గూర్చి 1945లోనే గ్రంథమును ప్రకటించెను. అమెరికావాడైన స్టీఫెన్ టైలర్ 1969లో గొమ్ముకోయల భాషకు వ్యాకరణము వ్రాసెను. ఓరియంటల్ కళాశాలలలో తెలుగును సంస్కృతమును బోధించు మనము ధూర్జటి తిన్నని వేటను, పెద్దన స్వరోచి వేటను పదే పదే పరిశోధనపత్రములుగా చేయుచునేయున్నాము. ఆ వర్ణనలలోని వేటమాటలు కొన్నిటికి నిఘంటువులు 'మృగవిశేషము', 'వేటసాధనవిశేషము' అని చెప్పి ఊరకున్నవి. జాడకు, కాపుకు, ఉరికి, పోగునకు, పంపకమున ఒక్కొక్క పాలునకు శబరి ఒడ్డున ఏమేమి పేర్లున్నవో వ్రాసికొన్నచో, ఆ విశేషములలో కొన్నింటికైనను అర్థము తెలియవచ్చును. పోలవరము ముంపువలన ఊళ్లు కదలుచున్నవి. కలిసి వేటకు పోయిన ఊరివారు వేరు వేరు పునరావాస కాలనీలకు చేరినచో, ఆ మాటలను వినుటకు ఎవరి నెగడువద్ద కూర్చుందుము?

విజ్జ పండుం మన కళాశాలలకు వేసవి సెలవులున్న దినములలోనే వచ్చుచున్నది. భద్రాచలమునుండి చింతూరునకు బస్సులు కలవు. త్రోవలో కఱ్ఱ అడ్డము పెట్టిన ఆడువారికి ఇచ్చుటకు చిల్లర దగ్గర ఉంచుకొనవలెను.