చల్లబడ్డాక చూస్తే జబ్బేం తెలుస్తుంది?

మా పాత పెట్రోలు అంబాసిడరు కలువాయిలో బయల్దేరేటప్పుడు పెళ్లికూతురే. పొదలకూరు దగ్గరపడి ఇంజను వేడెక్కిందా, ఇక లాగదు. అరగంట చెట్టుకింద నిలబెడితే ఏమీ ఎరగనట్టు కదుల్తుంది. మర్నాడు పొద్దున్నే మెకానిక్కు చూసి "బండి బ్రహ్మాండంగా ఉందమ్మా" అంటాడు. అంటూనే ప్లగ్గులు మారుస్తాడు, కార్బురేటర్ విప్పుతాడు. మావారు డబ్బిస్తారు. ఎక్కడ ఆగిందో, ఎంతసేపటికి కదిలిందో చూసిన నన్ను మాత్రం ఎవరూ అడగరు!

జ్వరం తగ్గాక నాడి చూస్తానంటే ఏ తల్లయినా ఊరుకుంటుందా? వేడి మీద వచ్చే జబ్బుని వేడి మీదే పట్టాలి. ఆగినచోటే ముందు పెట్రోలు ట్యాంకు మూత తియ్యాలి. స్స్‌మని గాలి లోపలికి పోయి బండి కోలుకుంటే, మూతలోని సన్నరంధ్రం పూడుకున్నట్టే. కాదా, ఇంజనుకి అంటుకునున్న పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వెయ్యాలి. ఆ సెగకి లోపలి పెట్రోలు ఆవిరైతే పంపు తొయ్యలేదు, చల్లబడితే తోస్తుంది. దానికీ లొంగకపోతే కాయిలూ, కండెన్సరూ. కాగినకొద్దీ వాటి నిప్పురవ్వ నీరసిస్తుంది. అన్నీ ఒకేసారి మార్చేస్తే దొంగెవరో ఎలా తేలుతుంది చెప్పండి?

పోయిన ఎండాకాలం ఆయాసపడుతున్న మా అత్తగారిని నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపోతా ఉంటే బండి మళ్లీ నిలిచింది. మూత తీశాం, లాభం లేదు. నా తువ్వాలు తడిపి పంపు మీద వేశాను. అయిదు నిమిషాల్లో కదిలింది. అత్తగారు క్షేమం.

మెకానిక్కు మాత్రం అంతా తను మార్చిన ప్లగ్గుల చలవేనంటాడు.