సొరంగం వేయండి, ఘాట్‌ను మాత్రం వదలకండి

జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ చైర్మన్ గారికి,

రాయ్‌పూర్‌లోని భన్‌పురి ఫ్యాక్టరీల మధ్య బతికే తెలుగు కుటుంబం మాది. ఈ సంక్రాంతికి కారులో విజయనగరం వెళ్దామనుకుంటున్నాం. ధమ్తరి, కాంకేర్, కేశ్‌కాల్ ఘాట్, జగ్దల్‌పూర్, కోరాపుట్, సుంకి ఘాట్, సాలూరు: ఇదీ మా దారి. మూడు రాష్ట్రాలు, పెద్ద ఘాట్లు. కేశ్‌కాల్ మలుపుల్లో తేలిన్ మాత గుడి దగ్గర ఆగి దణ్ణం పెట్టనిదే మా అమ్మ బండి కదలనివ్వదు.

మీరు వేస్తున్న 464 కిలోమీటర్ల రాయ్‌పూర్–విశాఖపట్నం ఆరు వరుసల రహదారి కేశ్‌కాల్ కొండను సొరంగంలో దాటేస్తుందట. సంతోషమే, లారీలకు అదే మేలు. కానీ కొండ చూడ్డానికి బయల్దేరినవాడికి సొరంగంలో ఏం కనిపిస్తుంది?

లారీలు అటు మళ్లాక పాత ఘాట్లను పాడుపెట్టకండి. మలుపుల దగ్గర గట్టి రక్షణ గోడలు, లోయ కనిపించే చోట నాలుగు బళ్లు ఆగే జాగా, ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టించండి. కొత్త దారిలో జగ్దల్‌పూర్‌కు ఎక్కడ దిగాలో చెప్పే బోర్డులు హిందీ, ఒడియాలతో పాటు తెలుగులోనూ పెట్టించండి. మా నాన్నకు చదవొచ్చింది అదొక్కటే.

ఇట్లు,
భన్‌పురి నుంచి ఒక ప్రయాణికుడు