పొరుగువాడి నష్టంలో మనకు వాటానా?

ఫిలిప్పీ పట్టణంలో సోదె చెప్పే ఒక దాసి ఉండేది. సోదె ఆమెది, లాభం ఆమె యజమానులది. వాళ్లు స్వయంగా సోదె చెప్పలేదు, కూర్చున్నచోటే డబ్బు లెక్కపెట్టుకున్నారు. పౌలు యేసు నామంలో ఆమెలోని దురాత్మను వెళ్లగొడితే, ఆమె విడుదల పొందిందని వాళ్లు సంతోషించలేదు. రాబడి పోయిందని మండిపడి పౌలు సీలలను అధికారుల వద్దకు ఈడ్చుకుపోయారు (అపొ.కా. 16:16-19).

ఆ యజమానుల పనే ఇప్పుడు సెల్‌ఫోన్‌లో సాగుతోంది. ఆన్‌లైన్ క్యాసినోకు మనుషుల్ని చేర్పిస్తే కమీషన్ ఇస్తారు. చేరినవాడు డబ్బు కట్టగానే ఇంతని కొన్ని సంస్థలు, అతను పోగొట్టుకున్న దాంట్లో ఇంత శాతమని మరికొన్ని లెక్కగడతాయి. 'నేను ఆడటం లేదు బ్రదర్, లింకు మాత్రమే పంపుతున్నాను' అని సమర్థించుకునే విశ్వాసి పిలాతులాగా చేతులు కడుక్కుంటున్నాడంతే!

ఏర్గట్ల, ఆర్మూరు ప్రాంతాల పసుపు రైతులకు కమీషన్ కొత్త మాట కాదు. సుమారు తొమ్మిది నెలలు పెంచి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టిన పంటను నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తెస్తే అడ్తిదారు అమ్మిపెడతాడు. మంచి ధర పలికితే రైతుకూ లాభమే, అడ్తిదారుకూ లాభమే. అది కష్టానికి కూలి. క్యాసినో కమీషన్ దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ పొరుగువాడు ఎంత మునిగితే మనకు అంత ముడుతుంది. పసుపు అమ్మిన డబ్బు ఇంటికి చేరిన వేళ తోటి రైతు కొడుక్కి ఆ లింకు పంపితే, ఆ ఇంటి తొమ్మిది నెలల చెమటలో వాటా అడిగినట్టే. ప్రేమ పొరుగువానికి కీడు చేయదన్న పౌలు బోధ (రోమా 13:10) ముందు ఈ సంపాదన నిలుస్తుందా?

చట్టం కూడా ఊరుకోలేదు. డబ్బు పందెంగా కాసే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం వాటి ప్రచారాన్ని సైతం నేరంగా ప్రకటించి, 2 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధించింది. అయితే విశ్వాసి జైలుకు భయపడి కాదు, దేవునికి భయపడి మానుకోవాలి.

సంఘాలు కూడా ఆలోచించాలి. యేసును అప్పగించినందుకు ఇచ్చిన ముప్పై వెండి నాణేలను కానుక పెట్టెలో వేయడానికి ఆ ప్రధాన యాజకులే వెనుకాడారు (మత్తయి 27:6). మరి మనం దశమభాగం వస్తే చాలు, అది ఎక్కడిదని అడగమా? పనిలేని యువకుణ్ణి గద్దించడంతో కాపరి బాధ్యత తీరదు. అతనికి నిజాయితీగల పని వెదికిపెట్టడం, అప్పుల్లో కూరుకున్న కుటుంబాన్ని ఆదుకోవడం కూడా పరిచర్యే.

జక్కయ్య ఇంటికి యేసు వచ్చిన రోజున అతని లెక్కల పుస్తకం కూడా మారిపోయింది. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8). మారుమనస్సు అంటే అదే. లింకు తీసేయడం మొదటి మెట్టు మాత్రమే. మన మాట నమ్మి నష్టపోయినవాడి గడప తొక్కడం, క్షమాపణ అడగడం, అందుకున్న కమీషన్ అతని చేతికి తిరిగి ఇవ్వడం రెండవ మెట్టు. ఆ మెట్టు ఎక్కిన ఇంటికే రక్షణ వచ్చిందని యేసు ప్రకటించాడు.