మా రాజ్‌దూత్ క్లాసిక్ కాదట!

పోయిన కార్తికమాసంలో ఒక ఆదివారం బెంగుళూరు నుండి ఒక యువకుడు మా ఇంటికి వచ్చినాడు. పాత మోటారు సైకిళ్ళు సేకరించడం అతని వ్యసనం. ఆళ్ళగడ్డ దగ్గర ఒక రిటైరయిన తెలుగు పండితుని ఇంటివెనుక రేకుల కొట్టంలో మూడు పాత బండ్లు ఉన్నవని ఎవరో చెప్పినారట. మర్యాద తెలిసిన పిల్లవాడే. చెప్పులు బయట విడిచి కొట్టంలోనికి వచ్చినాడు.

మొదట బుల్లెట్టు దగ్గర నిలబడినాడు. ట్యాంకు మీద చేయి వేసి, దేవాలయంలో ధ్వజస్తంభాన్ని తాకినట్లు తాకినాడు. పిమ్మట యెజ్డీని చుట్టూ తిరిగి చూచి రెండు ఫోటోలు తీసుకొన్నాడు. మూడవది రాజ్‌దూత్. దానివైపు చూచినాడే కాని దగ్గరకు పోలేదు. మొదటి రెంటికీ అతడు చెప్పిన ధర వింటే నా పెన్షను సిగ్గుపడుతుంది. మూడవదాని మాట నేనే ఎత్తవలసి వచ్చినది.

"అది ఎందుకు సార్? విడిభాగాలకు ఇచ్చేయండి. అది క్లాసిక్ కాదు."

ఆ మాటకు అప్పుడు నేను జవాబు చెప్పలేదు. కాఫీ ఇచ్చి పంపినాను. ముప్పయ్యారేండ్లు పిల్లలకు సమాసాలు విడదీసి చెప్పినవానికి ఒక్క విశేషణం ఇంత ముల్లై గుచ్చుకొనునని అనుకోలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

క్లాసిక్ అంటే ఏమి? తెలుగులో ప్రాచీనమందామా, శ్రేష్ఠమందామా, అభిజాతమందామా అన్న తగవు మనకు కొత్త కాదు. 2008 అక్టోబరు చివరిలో మన భాషకు కేంద్రం ఆ హోదా ఇచ్చినప్పుడు మనమందరం చేతులు నొప్పి పుట్టేదాకా ఆ మాట మీద రాసుకొన్నవారమే. తమాషా ఏమంటే, మరుసటి ఏడు, అనగా 2009లో, బుల్లెట్టు చేసే కంపెనీవారు తమ కొత్త బండికి క్లాసిక్ అని పేరే పెట్టి అంగడికి తెచ్చినారు. ఇంజను కొత్తది, గేరు ఎడమకు వచ్చినది, మీట నొక్కితే లేస్తుంది. రూపం మాత్రం పాతది. భాషకు ఆ పేరు రావడానికి వేయేండ్ల పైబడిన శాసనాలను సాక్ష్యం తేవలసి వచ్చినది. బండికి స్టిక్కరు చాలినది.

వ్యాకరణానికి ప్రయోగమే శరణ్యమని మా గురువులు నేర్పినారు. పలికే నోరున్నంతకాలం మాట బ్రదుకుతుంది. వస్తువుకూ అదే కొలత పెడతాను నేను. ఏ బండిని ఏ నేల ఎంతగా వాడుకొన్నది, ఎవరి బరువు అది మోసినది? ఈ కొలత పెడితే మా సీమలో మొదట నిలిచేది బుల్లెట్టు కాదు, యెజ్డీ కాదు, ఆ పిల్లవాడు గుజరీ అంగడికి పొమ్మన్న రాజ్‌దూతే.

బుల్లెట్టు మీద ద్వేషంతో ఈ మాట అంటున్నానని ఎవరూ అనుకోరాదు. 1997లో పాతదాన్ని కొన్నాను, నేటికీ అమ్మలేదు. 346 సీసీల ఫోర్‌స్ట్రోకు ఇంజను. నంద్యాల నుండి గిద్దలూరు పోయే నల్లమల ఘాటులో, వెనుక మనిషీ మూటా ఉండగా, గేరు మార్చమని అడగకుండా ఎక్కిన బండి అది. దాన్ని లేపడం ఒక సంధ్యావందనం. కిక్కును మెల్లగా తొక్కుతూ అమ్మీటరు ముల్లు కదలిక కనిపెట్టవలెను, డీకంప్రెసర్ మీట పట్టి పిస్టనును పై అంచు దాటించవలెను, అప్పుడు నిండు మనసుతో ఒక్క తన్ను. మంత్రలోపం జరిగితే కిక్కు వెనక్కు తంతుంది. ఒకనాడు తొందరలో లోపం చేసి పదిదినాలు చీలమండకు ఉమ్మెత్తాకు కట్టుకొన్నాను. తప్పు నాది.

అయితే ఆ బండి మా ఊళ్ళకు ఎవరిని తెచ్చినది? ఇంగ్లండు కంపెనీ మద్రాసు మోటార్సుతో కలిసి 1955లో తిరువొత్తియూరులో దీన్ని మొదలుపెట్టినది ముఖ్యంగా సైన్యం కోసం. మా వైపున దాని మీద వచ్చినవారు పోలీసులు, పెద్ద కమతాలవారు, కాంట్రాక్టర్లు. నా చిన్నతనంలో ఆ డుబ్బుడుబ్బు దూరాన వినబడితే అరుగుల మీది మనుషులు లేచి నిలబడేవారు. వచ్చేది ఎవరో తెలియక ముందే లేచేవారు. ఆ శబ్దాన్నే నేడు సంగీతమంటున్నారు. సినిమాలవారు మా సీమకు సుమోలనూ బుల్లెట్లనూ బాంబులనూ అంటగట్టి, మేమంతా వాటి మీదనే పుట్టి పెరిగినట్లు చూపించినారు. 2021లో బుల్లెట్టు బండి పాట పెండ్లి పందిళ్ళన్నిటా మోగినది. ఆడపిల్ల సంతోషంగా ఆడితే నాకెందుకు కడుపుమంట? మంట ఎక్కడంటే, మా ఆవిడ ఆ బండి ఎక్కడానికి నేటికీ ఒప్పదు. "ఊరంతా తలుపులు తీసి చూస్తారు, నాకొద్దు" అంటుంది. శబ్దానికి లేచి నిలబడినవారి ఇంటి ఆడబిడ్డ ఆమె.

యెజ్డీ సంగతి వేరు. అది చదువుకొన్నవారి కులాసా బండి. 1961లో మైసూరులో ఐడియల్ జావా వారు చెకోస్లోవేకియా జావాను చేయసాగినారు. 1973 నుండి యెజ్డీ అన్న పేరు పెట్టినారు. ఇరానులోని యజ్ద్ పట్టణం పేరది. ఒకే సిలిండరుకు రెండు సైలెన్సర్లు, చూడముచ్చట. అన్నిటికంటె వింత దాని కాలిమీట. కిక్కూ అదే, గేరూ అదే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కవుతుంది, లేపిన పిమ్మట దించితే గేరవుతుంది. మా బడిలో లెక్కల అయివారు ఒకసారి అడిగి తీసుకొనిపోయి, కిక్కు ఎక్కడున్నదో తెలియక బండి చుట్టూ నాలుగు ప్రదక్షిణాలు చేసి, తోసుకొంటూ తిరిగి తెచ్చినాడు. బుల్లెట్టుకు గేరు కుడికాలికి, యెజ్డీకి ఎడమకాలికి. ఒకటి దిగి ఒకటి ఎక్కిన రోజున గేరనుకొని బ్రేకు తొక్కి, మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో నేను చూపిన విన్యాసం ఇక్కడ రాయను. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడినది. పేరు మాత్రం మళ్ళీ లేచినది. జావా 2018లో, యెజ్డీ 2022లో కొత్త ఫోర్‌స్ట్రోకు ఇంజన్లతో వచ్చినవి.

ఇక రాజ్‌దూత్. బుల్లెట్టు తత్సమం, ఇంగ్లీషు రూపం చెడకుండా వచ్చినది. యెజ్డీ తద్భవం, వచ్చిన చోట పేరు మార్చుకొన్నది. రాజ్‌దూత్ పోలండు దేశపు ఎస్‌హెచ్‌ఎల్ నమూనా నుండి ఎస్కార్ట్స్ వారు చేసిన బండి. పుట్టుక అంత దూరానిదైనా మా నేలలో అది అచ్చమైన దేశ్యంగా మారిపోయినది. మా పల్లెల్లో దాన్ని "రాజదూత" అనే పిలిచినారు. అది ఇంగ్లీషు బండి అని గాని పోలండు బండి అని గాని ఎవరికీ తోచలేదు. అప్పట్లో ధర్మేంద్ర దాని ప్రకటనలలో కనిపించేవాడు. మా పాలవానికి ధర్మేంద్ర ఎవరో తెలియదు, బండి తెలుసు.

ఎవరెవరు ఎక్కినారు దాన్ని? రెండు పక్కల పాలక్యాన్లు వ్రేలాడదీసుకొన్నవారు, పశువుల డాక్టర్లు, గ్రామసేవకులు, సంతలు తిరిగే బట్టల వ్యాపారులు, బేతంచెర్ల రాతి గనుల మేస్త్రీలు, మావంటి పంతుళ్ళు. శనక్కాయల మూట వెనుక, ఎరువు సంచి ముందు. 175 అంటారు గాని అది లాగిన బరువు చూస్తే ఇంజను కొలత అబద్ధమనిపిస్తుంది. నేను కొన్నది 1974 నాటి బండిని, 1986లో, సెకండుహ్యాండులో. అప్పుడు నేను పనిచేసిన ఊరికి బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వాన పడితే అదీ లేదు.

నల్లరేగడి నేల చూడనివారికి ఒక మాట చెప్పవలెను. కోయిలకుంట్ల నుండి జమ్మలమడుగు దాకా ఎండాకాలంలో ఆ నేల పలిగి మనిషి కాలు పట్టేంత నెర్రెలిస్తుంది. వాన పడినదా, జిగురు. చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మట్టి కూరుకొని చక్రం తిరగదు. పుల్లతో గీకుకొంటూ పోవలసినదే. బుల్లెట్టును అక్కడ కదిలించడానికి ఇద్దరు కావలెను. రాజ్‌దూతును నేనొక్కణ్ణే తోసుకొని గట్టెక్కించినాను, చాలాసార్లు. మడ్‌గార్డు విప్పి భుజాన వేసుకొని పోయినవారినీ చూచినాను.

చెడిపోయేది కాదా? చెడిపోయేది. చెడితే ఎక్కడ చెడినదో కంటికి కనబడేది, దాని గొప్ప అదే. జేబులో ఒక ప్లగ్గు, ఉప్పుకాగితం ముక్క, రెండు పానాలు. పాయింట్ల సందు కొలవడానికి మా మేస్త్రీ సిగరెట్టు పెట్టె అట్టముక్క వాడేవాడు. అతడు బడికి పోలేదు, ఇంజను విప్పి ఉర్దూలో దానితో మాట్లాడేవాడు. ఎండకు ఇంజను కాగిపోతే యాపమాను కింద నిలిపి, పక్క చేనివారిని నీళ్ళడిగి తాగి, వారి ఇంటి సంగతులు విని బయలుదేరేవాడను. చీకటి పడితే దాని దీపం ఇంజను వేగంతో పాటు పెరిగి తరిగేది. గుంత వచ్చిన చోట వేగం తగ్గించవలెను, తగ్గిస్తే గుంత కనబడదు!

1991లో పదవ తరగతి పరీక్షలకు మా ఊరి నుండి ఇద్దరు ఆడపిల్లలు. కేంద్రం పద్నాలుగు కిలోమీటర్ల దూరం. బస్సు సమయానికి రాదు, ఎద్దులబండి మీద పంపడానికి తండ్రులకు తీరదు, ఇంకొక ఏడు చూద్దాములే అన్నారు. ఇంకొక ఏడు అంటే పెండ్లి అని మాకు తెలుసు. పరీక్ష ఉన్న ప్రతి రోజూ ఆ ఇద్దరినీ వెనుక కూర్చోబెట్టుకొని రాజ్‌దూత్ మీద తీసుకొనిపోయినాను. చట్టప్రకారం తప్పే, ముగ్గురం. ఇద్దరూ ప్యాసైనారు. ఒకామె నేడు కడపలో నర్సు. మొన్న కనబడితే నన్ను కాదు, ముందు బండిని అడిగినది.

ఆ యువకుని పక్షానా ఒక మాట ఉన్నది. సేకరించేవారు లేకుంటే ఈ యెజ్డీలెన్నో కరిగి చువ్వలైపోయేవి. ఒప్పుకొంటాను. కాని వారు కాపాడేది ధర పలికేదాన్ని. ధర పలికేది పెద్దమనుషులు ఎక్కినదాన్ని, కుర్రవాళ్ళు కలగన్నదాన్ని. పాలక్యాన్ల రాపిడికి రంగు పోయినదాన్ని ఎవరు కొంటారు? రాగిరేకుల మీద రాజుల దానాలు నిలిచినవి, ఆ పొలం దున్నినవారి పేర్లు నిలువలేదు. మళ్ళీ అదే పని మన కండ్లముందే జరుగుతున్నది.

ప్రభుత్వం తీరు ఇంకొక రకం. 2021 జూలైలో కేంద్రం వింటేజి వాహనాల నియమాలు తెచ్చినది. మొదటి రిజిస్ట్రేషను నుండి యాభయ్యేండ్లు దాటి, మూలరూపం చెడకుండా ఉన్న బండికి "వీఏ" అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు. నా రాజ్‌దూత్ ఇప్పుడు ఆ వయసుకు తగినదే. షరతు ఏమంటే, ఆ నంబరు వేసుకొన్న బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించరాదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే. గౌరవమిచ్చి కాళ్ళు కట్టివేయడం అంటే ఇది. శాలువా కప్పి ఇక నీవు మాట్లాడవద్దు అన్నట్లు. ఆ గౌరవం వద్దనుకొంటే మామూలు రెన్యూవలు. అది 2022 ఏప్రిలుకు ముందు 300, ఆ తరువాత 1,000. 2025 ఆగస్టు నుండి ఇరవయ్యేండ్లు దాటిన బండికి 2,000. వయసు పైబడిన కొలది జరిమానా!

పొగ మాట ఎవరైనా ఎత్తకముందే నేనే ఎత్తుతాను. టూస్ట్రోకు బండి పెట్రోలుతో పాటు ఆయిలునూ కాల్చి, కాలనిదాన్ని గాలిలోకి వదులుతుంది. అది నిజం, దానికి నా వద్ద సమర్థన లేదు. వారానికి రెండుసార్లు, ఎనిమిది కిలోమీటర్లు, కూరగాయలకూ పెట్రోలుకూ పోతాను. వేలమంది నడపవలెనని నేననడం లేదు. నడిచే ఒక్కదాన్ని అద్దాల పెట్టెలో పెట్టమనడమూ, పెట్టె అవసరం లేదు ఇనుముకు వేయమనడమూ, ఈ రెండే దారులున్నవనేవారితో నా తగవు.

నిన్న ఆ యువకుడు మళ్ళీ ఫోను చేసినాడు. బుల్లెట్టు ఇస్తానన్నాను. మా ఆవిడ సంతోషించినది. యెజ్డీ సంగతి ఆలోచించుకోవలెను. రాజ్‌దూతుకు మాత్రం సంక్రాంతిలోగా పిస్టను రింగులు మార్చించవలసి ఉన్నది. ప్రొద్దుటూరులో గాని, ఆదోనిలో గాని, పాత దుకాణాలలో ఎక్కడైనా 175 రింగులు మిగిలి ఉన్నట్లు తెలిసినవారు దయచేసి నాకొక మాట తెలియజేయగలరు.