రొదలోని పాఠం

తాళపత్ర గ్రంథాలను పరిష్కరించేవారికి ఒక నిత్యసంకటం ఉంటుంది. ఆకుమీద కనిపించే గీత కవి ఉద్దేశించిన అక్షరమా, లేఖకుని చేయి జారగా ఏర్పడిన గీటా, లేక పురుగు తొలిచిన జాడా అన్నది తేల్చుకోవాలి. అక్షరాన్ని గీటనుకొని విడిచిపెట్టినా, గీటును అక్షరమనుకొని అర్థం చెప్పినా గ్రంథానికి అపచారమే. పరిశోధక విద్యార్థిగా కొన్నేళ్ళు ఆ పని చేసినవాణ్ణి కనుక, మానవ మస్తిష్కాన్ని చిత్రాల ద్వారా చదువుతున్న శాస్త్రజ్ఞుల కృషిని గురించి తెలుసుకొన్నప్పుడు నాకు అది పరాయి విద్యగా తోచలేదు.

ఎం.ఆర్.ఐ. యంత్రం ఆలోచనలను చూడదు, రక్తాన్ని చూస్తుంది. ప్రాణవాయువును మోస్తున్న హీమోగ్లోబిన్‌కూ, దానిని విడిచిన హీమోగ్లోబిన్‌కూ అయస్కాంత స్వభావంలో భేదం ఉంది. ఆ భేదాన్ని ఆధారం చేసుకొని మెదడులోని మార్పులను చిత్రించవచ్చునని 1990లో సెయిజి ఒగావా, ఆయన సహచరులు చూపారు. మెదడులో ఒక భాగం పనిలో పడితే అక్కడికి రక్తప్రవాహం పెరుగుతుంది. ఆ పెరుగుదల పతాకస్థాయికి చేరడానికి అయిదారు సెకన్లు పడుతుంది. అంటే పత్రికలలో మనం చూసే ఎర్రని, పచ్చని మెదడు బొమ్మలు ఆలోచనకు ఛాయాచిత్రాలు కావు. ఆలోచన నడిచిపోయిన తరువాత మిగిలిన అడుగుజాడలు. వాటికి ఆ రంగులను వేసేది కూడా గణన చేసిన మనుషులే.

తొలిరోజుల్లో పరిశోధకులు మనిషికి ఏదో ఒక పని అప్పగించి, ఆ సమయంలో ఏ భాగం చురుకుగా ఉన్నదో చూసేవారు. పని లేనప్పుడు కనిపించే హెచ్చుతగ్గులను రొదగా భావించి తొలగించేవారు. అమెరికాలోని విస్కాన్సిన్ వైద్య కళాశాలలో భరత్ బిస్వాల్ అనే యువ పరిశోధకుడు ఆ రొదనే పరిశీలించాడు. మొదట కొందరిని చేతివేళ్ళు ఆడించమని, చేతుల కదలికను నడిపే భాగాలను గుర్తించాడు. తరువాత వారిని ఊరక పడుకోమన్నాడు. వేళ్ళు కదలడం లేదు. అయినా మెదడు ఎడమ సగంలోని ఆ భాగమూ, కుడి సగంలోని దాని జోడూ ఒకే లయలో మెల్లగా ఎగసి పడుతున్నాయి. ఒక్కొక్క అల పది సెకన్లకు మించినది. ఆయన, ఆయన సహచరులు 1995లో ఈ ఫలితాన్ని ప్రకటించారు. దూరంగా ఉన్న భాగాల మధ్య కనిపించే ఇటువంటి లయసామ్యాన్నే క్రియాత్మక అనుసంధానం అంటున్నారు. చెత్త అని అందరూ ఊడ్చివేస్తున్న చోట ఆయనకు పాఠం దొరికింది.

అందులో ఆశ్చర్యం లేదనిపిస్తుంది. శరీరపు బరువులో మెదడు రెండు శాతమే. కాని విశ్రాంతిలో శరీరం ఖర్చు చేసే శక్తిలో సుమారు ఇరవై శాతం దానిదే. ఏదైనా పనికి పూనుకొన్నప్పుడు ఆ ఖర్చు పెరిగేది చాలా స్వల్పం. ఖాళీగా కూర్చున్నాడని మనం మందలించే పిల్లవాడి మెదడు నిజానికి ఖాళీగా లేదన్నమాట. 2010 నాటికి 35 కేంద్రాలలో 1,414 మంది నుండి సేకరించిన విశ్రాంతికాలపు చిత్రాలను బిస్వాల్, ఇతర శాస్త్రజ్ఞులు కలిసి లోకానికంతకూ ఉచితంగా అందుబాటులో ఉంచారు.

అయితే లయ కలిసినంత మాత్రాన బంధం ఉన్నట్లు కాదు. రెండు ఊళ్ళ గుళ్ళలో ఒకే వేళకు గంటలు మోగితే, వాటి మధ్య తాడు కట్టి ఉన్నదని ఎవరూ అనరు. ఇద్దరు అర్చకులూ ఒకే సూర్యుణ్ణి చూసి ఉండవచ్చు. మెదడు విషయంలో ఈ జాగ్రత్త ఎంత అవసరమో 2012లో తేటతెల్లమయింది. చిన్నపిల్లలలో దగ్గరి భాగాల మధ్య అనుసంధానం ఎక్కువగా, దూరపు భాగాల మధ్య తక్కువగా ఉంటుందనీ, వయసుతో అది తారుమారవుతుందనీ అంతకుముందు కొన్ని పరిశోధనలు చెప్పాయి. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జొనాథన్ పవర్, సహచరులు ఆ లెక్కలను మళ్ళీ తిరగవేశారు. యంత్రంలో తల మిల్లీమీటరులో కొంత భాగం కదిలినా సరిగ్గా అటువంటి తేడాయే పుట్టుకొస్తుందని తేలింది. పిల్లలు పెద్దలకన్న ఎక్కువగా కదులుతారు కదా! వయసు తెచ్చిన మార్పుగా చదివినదానిలో కొంత ఉత్త కదలిక. ఇక్కడ గీటే అక్షరమై కూర్చున్నది. గమనించవలసింది ఏమంటే, మొదట ఆ ఫలితాన్ని ప్రకటించినవారిలో ఆ ప్రయోగశాల వారూ ఉన్నారు. తమ పాఠాన్ని తామే దిద్దుకొన్న ఆ పరిష్కర్తల పట్ల నాకు గల గౌరవం, బిస్వాల్ పట్ల గల గౌరవానికి ఏమాత్రం తీసిపోదు.

ఈ విషయం మీకెందుకు చెబుతున్నానంటే, కొన్నేళ్ళ క్రితం ఒక తండ్రి మొదటి సంవత్సరం ఎం.పి.సి. చదువుతున్న కుమార్తెను వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చాడు. చేతిలో రంగురంగుల మెదడు పటం ఉన్న కాగితం. “మాస్టారూ, మా అమ్మాయిది కుడి మెదడట. లెక్కలు రావట. మీ సబ్జెక్టు ఉన్న గ్రూపులో వేయిద్దామనుకుంటున్నాను” అన్నాడు. తెలుగు పంతులుగా నేను సంతోషించాలేమో! కాని తరగతిలో గురులఘువులు గుర్తించి గణవిభజన చేయమంటే అందరికన్న ముందు పూర్తిచేసేది ఆ అమ్మాయే. అది సాహిత్యమా, లెక్కా?

ఈ ఎడమ కుడుల వాదాన్ని క్రియాత్మక అనుసంధానం ద్వారానే పరీక్షించారు. యూటా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 7 నుండి 29 ఏళ్ళ వయసుగల 1,011 మంది మెదడు చిత్రాలను ఏడువేలకు పైగా భాగాలుగా విభజించి పరిశీలించి, 2013లో ఫలితాలు ప్రకటించారు. భాషవంటి కొన్ని వ్యాపారాలు ఒక పక్కకు మొగ్గడం నిజమే. కాని ఒక మనిషి మొత్తంగా ఎడమ మెదడువాడనో, కుడి మెదడువాడనో చెప్పడానికి ఆధారం దొరకలేదు. వేయి మందిని చూసి శాస్త్రజ్ఞుడు అనలేని మాటను, ఒక్క పిల్లను చూసి వ్యాపారి అనగలుగుతున్నాడు. ఇటువంటి పరీక్షలను కళాశాల గడప తొక్కనివ్వరాదని నా నిశ్చితాభిప్రాయం. తల్లిదండ్రుల ఆరాటం అర్థం చేసుకోదగినదే. ఆ ఆరాటాన్ని సొమ్ము చేసుకోవడం మాత్రం క్షమించదగినది కాదు.

ఆ తండ్రిని నేను ఒక్కటే అడిగాను: “ఏమండీ, అమ్మాయిని ఏ యంత్రంలో పడుకోబెట్టి తీశారు ఈ పటం?”

“యంత్రమేమీ లేదండీ. పది వేళ్ళ ముద్రలు తీసుకున్నారు” అన్నాడాయన.

అమ్మాయి తన వేళ్ళవైపు చూసుకొన్నది. తండ్రి కాసేపు మౌనంగా ఉండి, కాగితం మడిచి జేబులో పెట్టుకొన్నాడు. మరుసటి వారం హాజరు పిలిచినప్పుడు ఆమె పేరు ఎం.పి.సి. పట్టీలోనే ఉన్నది.